టెక్ సందేహాలు: బస్సులో మోయాలా, బల్ల మీద ఉంచాలా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సివిల్ రెండో సంవత్సరం చదువుతోంది. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. 80 వేల రూపాయల్లో రెండు ల్యాప్‌టాప్‌లు చూశాం. ఒకటి 1.3 కిలోల తేలికపాటిది, రెండోది 2.3 కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్. ‘ఎలాగూ కొంటున్నారు, పవర్ ఎక్కువున్నదే కొనండి’ అని మా బావమరిది అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తేలికపాటిదే తీసుకోండి. మీ బావమరిది గారి సలహా వీడియో ఎడిటింగ్ చేసేవారికి పనికొస్తుంది. మీ అమ్మాయి అవసరం వేరు.

ఆ 2.3 కిలోలు ల్యాప్‌టాప్ ఒక్కదాని బరువే. దానికిచ్చే ఇటుకంత ఛార్జర్ మరో అరకిలో తూగుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిస్తే వేగం తగ్గుతుంది, ఛార్జింగూ త్వరగా అయిపోతుంది. కాబట్టి ఛార్జర్‌ను ఇంట్లో వదిలి వెళ్లడానికి లేదు. పుస్తకాలు, క్యారియర్, నీళ్ల సీసాతో పాటు ఇంత బరువు భుజాన వేసుకుని, పూతలపట్టు, చంద్రగిరి మీదుగా దాదాపు 70 కిలోమీటర్లు, సీటు దొరకని రోజు నిలబడి రావాలి. కొన్నాళ్లకు ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే వదిలేసి వెళుతుంది. నాకు అదే అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపిస్తోంది.

ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీయడానికి, స్టాడ్ ప్రోలో లెక్కలు కట్టడానికి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఉండేలాంటి విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. భవనాల 3డీ మోడళ్లు తయారుచేసే రెవిట్ బరువైన సాఫ్ట్‌వేరే. అయినా అందులో చాలా పనులకు ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ (లెక్కలు చేసే భాగం) ఎంత వేగంగా నడుస్తుందన్నదే ముఖ్యం. కాలేజీ స్థాయి మోడళ్లకు ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్ సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద రెండరింగ్‌ను (మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చే పనిని) రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అవుతుంది.

రాజీ పడకూడనిది ర్యామ్ దగ్గర. రెవిట్ 2025కు దాని తయారీ సంస్థ ఆటోడెస్క్ చెప్పిన కనీస ర్యామే 16 జీబీ. తేలికపాటి వాటిలో చాలావరకు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఇస్తారు, తర్వాత పెంచుకోలేరు. దుకాణంలోనే టాస్క్ మేనేజర్ తెరిపించి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కించండి. ఫామ్ ఫ్యాక్టర్ ఎదురుగా ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినదే, ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే మార్చుకోవచ్చు. అతికించినదైతే, ధర అందితే 32 జీబీకి వెళ్లండి.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘యు’ ఉంటే అది 15 వాట్ల తరగతి, ‘హెచ్’ ఉంటే 28 నుంచి 45 వాట్లు. వాట్లు ఎక్కువైతే వేగమూ ఎక్కువ, కాబట్టి దాదాపు ఒకే బరువులో ‘హెచ్’ దొరికితే అదే మేలు. మ్యాక్‌బుక్ వద్దు, రెవిట్‌కు మ్యాక్ వెర్షన్ లేదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నవీ ఈ చదువుకు వద్దు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టకండి: ఆటోక్యాడ్, రెవిట్‌లను ఆటోడెస్క్ విద్యార్థులకు ఏడాది పాటు ఉచితంగా ఇస్తుంది, అర్హత ఉన్నంతకాలం పొడిగించుకోవచ్చు.

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీసి ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేస్తాను. రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డే ఉంది, ధరలో మాత్రం 12 వేలు తేడా. ఎందుకు?
– తిరుచానూరు నుంచి ఒక వీడియోగ్రాఫర్

జవాబు: మీ ల్యాప్‌టాప్ ఎక్కువగా బల్ల మీదే ఉంటుంది, కాబట్టి బరువు గురించి ఆలోచించకండి. కార్డు పేరు ఒకటే అయినా, ల్యాప్‌టాప్‌ను బట్టి తయారీదారు దానికి 35 నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా కేటాయించవచ్చు. వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది. ప్రకటనలో కనిపించకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వివరాల పట్టికలో ‘టీజీపీ’ (గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించిన వాట్లు) అన్న చోట చూడండి. ధరలో తేడాకు మరికొన్ని కారణాలుండవచ్చు, ముందు చూడాల్సింది మాత్రం ఇదే.

మీ కెమెరా 10 బిట్, 4:2:2, హెచ్.265 ఫైళ్లు (రంగుల వివరం ఎక్కువగా దాచే వీడియో ఫైళ్లు) ఇస్తుంటే ఇంకొక సంగతి. వాటిని డీకోడ్ చేసే (విప్పి తెర మీద చూపే) హార్డ్‌వేర్ మీ 4050 సహా ఎన్‌విడియా 40 సిరీస్ కార్డుల్లో లేదు. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో ఉంది. ఆ రెండింటిలో ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నది తీసుకోండి. రెండూ ఇంటెల్ అయితే ఎక్కువ వాట్లున్నది కొనండి.