సివిల్స్ రాయకుండా అంతర్జాతీయ భద్రతా విధాన రంగంలో స్థిరపడవచ్చా?

కెమికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేసి ఇప్పుడు ఢిల్లీలో ఎంఏ అంతర్జాతీయ సంబంధాలు చదువుతున్నానన్నారు. సివిల్స్ రాయకపోతే ఈ రంగంలో చోటుండదా, బీటెక్ వృథా అయినట్టేనా అని అడిగారు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇటు వచ్చాను. చోటు ఉంది. మీ బీటెక్ వృథా కాదు సరికదా, మీ క్లాసులో చాలామందికి లేని బలం అదే.

అగ్రరాజ్యాల ఎత్తుగడల గురించి గంటసేపు మాట్లాడగలిగేవాళ్లకు ఢిల్లీలో కొదవ లేదు. ఒక ఒప్పందాన్ని షరతు షరతుగా చదివి, అది ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఓడరేవులో ఎలా అమలవుతుందో చెప్పగలిగేవాళ్లే దొరకరు.

థయోనిల్ క్లోరైడ్ సంగతే తీసుకోండి. మందుల తయారీలో మామూలుగా వాడే రసాయనం. ఆయుధాల తయారీకీ పనికొస్తుంది కాబట్టి 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం మూడో షెడ్యూల్‌లో దాని పేరుంది. మన దేశంలో ఇలా మామూలు అవసరాలకూ ఆయుధాలకూ పనికొచ్చే సరుకులన్నీ స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితాలోకి వస్తాయి. జాబితా నిర్వహించేది కేంద్ర వాణిజ్య శాఖ కింది విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ). ఒప్పందంలో చేరిన దేశానికి పంపితే ఒక పద్ధతి. ఈజిప్ట్ లాంటి చేరని దేశానికైతే కొనేవాళ్ల నుంచి సరుకును దేనికి వాడతారో చెప్పే తుది వినియోగ ధ్రువపత్రం తప్పనిసరి. ఆ కాగితం చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. కొనే కంపెనీ ఏం తయారు చేస్తుంది? దానికి ఇన్ని టన్నులు అవసరమా? మధ్యలో ఉన్న ట్రేడర్ ఎవరు? ఆ టన్నుల ప్రశ్నకు జవాబు మీరు బీటెక్ రెండో ఏడాదిలో చేసిన మెటీరియల్ బ్యాలెన్స్ లెక్కే, అంటే ఎంత సరుకు లోపలికి వెళ్తే ఎంత ఉత్పత్తి రావాలన్న లెక్క. పొలిటికల్ సైన్స్ నుంచి వచ్చిన స్నేహితులు ఇక్కడ ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నాకు మొదటి జీతం వచ్చింది కూడా ఈ పనికే, అదీ హైదరాబాద్‌లో, ఒక ఎగుమతి కంపెనీలో నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగంలో. బల్క్ డ్రగ్ యూనిట్లు, జీనోమ్ వ్యాలీ, డీఆర్‌డీవో ల్యాబులకు విడిభాగాలు చేసిచ్చే చిన్న సంస్థలు ఉన్న ఊరు కదా! ఆయుధాలకు పనికొచ్చే సరుకుల ఎగుమతులను కలిసి నియంత్రించే దేశాల బృందాలు కొన్ని ఉన్నాయి. భారత్ 2016లో క్షిపణుల మీద పనిచేసే ఎంటీసీఆర్‌లో, 2017లో వాసెనార్ ఏర్పాటులో, 2018లో రసాయన, జీవ ఆయుధాల మీద పనిచేసే ఆస్ట్రేలియా గ్రూప్‌లో చేరింది. వాటికి తగ్గట్టు మన జాబితానూ సవరిస్తూ వచ్చారు. దాన్ని చదవగలిగే మనిషి అవసరం కంపెనీలకు అప్పటి నుంచి ఇంకా పెరిగింది.

థింక్ ట్యాంకుల (విధాన పరిశోధన సంస్థల) వైపే వెళ్లాలనుకుంటే ఎంపీ-ఐడీఎస్ఏ, ఓఆర్ఎఫ్, కార్నెగీ ఇండియా ఢిల్లీలోనే ఉన్నాయి. నేను ఇంటర్న్‌గా ఉన్నచోట ఒక రిటైర్డ్ రాయబారి మేడమ్ ఉండేవారు. ఒప్పందం ప్రతి మా ముందు పెట్టి, ప్రతి క్లాజు పక్కన ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలో పెన్సిల్‌తో రాయించేవారు. తర్వాత దాన్ని రెండు పేజీల నోట్‌గా రాయాలి. మూడో పేజీ ఉంటే చదవకుండా వెనక్కి ఇచ్చేసేవారు. ఆ అలవాటు ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. డబ్బు విషయం మాత్రం ముందే ఇంట్లో మాట్లాడి పెట్టుకోండి. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌లు చాలా ఉంటాయి, ఢిల్లీ మునిర్కాలో గది అద్దె మాత్రం నెల నెలా కట్టాల్సిందే.

విదేశాల మాటకొస్తే, అమెరికా ప్రభుత్వంలో ఈ తరహా ఉద్యోగాలకు దాదాపు ఎప్పుడూ ఆ దేశ పౌరసత్వం అడుగుతారు. నాటో సైనిక కూటమి కూడా తన సభ్యదేశాల వాళ్లనే తీసుకుంటుంది. అప్పుచేసి అక్కడికి చదవడానికి వెళ్లేముందు ఇది తెలిసుండాలి. మనకు దారి ఉన్నవి రసాయన ఆయుధాల ఒప్పందం అమలు చూసే హేగ్‌లోని ఓపీసీడబ్ల్యూ, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) లాంటివి. మీరు అమ్మాయైతే ఐఏఈఏ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ తప్పకుండా చూడండి. అణుభద్రత, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం మీద మాస్టర్స్ చేసేవాళ్లకూ వర్తిస్తుంది.

సివిల్స్ మీద మనసుంటే రాయండి, నేను వద్దనను. కాకపోతే ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సేవ) వచ్చినా విదేశాంగ శాఖలోని నిరాయుధీకరణ విభాగంలోనే వేస్తారన్న గ్యారంటీ లేదు.

ఈ సెలవుల్లో స్కోమెట్‌లో రసాయనాలున్న కేటగిరీ 1 తెరవండి. మీకు బాగా తెలిసిన ఒక్క రసాయనం ఎంచుకుని, దాని ఎగుమతి నియమంలో ఎక్కడ లోపం ఉందో, ఎలా సరిచేయవచ్చో రెండు పేజీలు రాయండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు సీవీతో పాటు అదే జతచేయండి. ముందు నాకు పంపినా సరే, చదివి చెబుతాను.