ఎదురు సుంకం వేసే ముందు: వాణిజ్య శాఖలో చేరిన అమ్మాయికి ఉత్తరం

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

పెద్ద దేశం మన సరుకు మీద సుంకం పెంచితే మనమూ పెంచాలా, ఊరుకోవాలా అని అడిగావు. దానికి జవాబు చెప్పేముందు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోమ్మా. మనం వేసే ఎదురు సుంకాన్ని మొదట కట్టేది అవతలి దేశం కాదు. మన రేవులో సరుకు విడిపించుకునే మన దిగుమతిదారే కడతాడు. అందుకే జాబితాలో ఒక్కో పేరు రాసేటప్పుడు, అది మన దగ్గర ఎవరి చేతికి వెళ్తుందో చివరిదాకా వెంటబడి చూడు.

2018 మార్చిలో అమెరికా ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం వేసింది. ఆ జూన్‌లో మనం 29 వస్తువుల జాబితా ప్రకటించాం. వాయిదాలు పడుతూ వచ్చి, 2019 జూన్ 16న అమలయ్యేసరికి అవి 28 అయ్యాయి. తీసేసిన ఆ ఒక్కటి ఆర్టీమియా. మన తీరంలో రొయ్యల హేచరీ, అంటే రొయ్యపిల్లల్ని పొదిగించే కేంద్రం, నడిపే ఎవరినైనా అడిగితే అదేమిటో చెబుతారు. డబ్బాల్లో వస్తుంది, చూడ్డానికి గోధుమరంగు ఇసుకలా ఉంటుంది, నిజానికి ఒక చిన్న ఉప్పునీటి జీవి గుడ్లు. ఉప్పునీళ్లలో వేసి గాలి కొడితే దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. మన చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్యపిల్లలకు తొలి దశల్లో పెట్టే ప్రాణమున్న మేత అదే. దానికి పేరుపడ్డ చోటు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. దాని మీద సుంకం వేస్తే హేచరీకి ఖర్చు పెరుగుతుంది, చెరువు రైతు కొనే పిల్ల ధర పెరుగుతుంది, ఆఖరికి అమెరికాకే పంపే మన రొయ్య ఖరీదవుతుంది. మన చేత్తో మన మీదే రెండో సుంకం వేసుకున్నట్టు.

అదే జాబితాలో ఆపిల్, బాదం పక్కపక్కన పెట్టి చూడు. ఆపిల్ మీద మామూలు 50 శాతానికి అదనంగా 20 శాతం వేశాం. అమెరికా ఆపిల్ 2018-19లో దాదాపు 1.28 లక్షల టన్నులు, 14.5 కోట్ల డాలర్ల సరుకు వచ్చింది. 2022-23కి అది 4,486 టన్నులకు పడిపోయింది. వాషింగ్టన్ రాష్ట్రపు తోటల వాళ్లకు నొప్పి తెలిసింది. మన దుకాణాల్లో మాత్రం ఆపిల్ కరవు రాలేదు. తుర్కియే, ఇటలీ, చిలీ, ఇరాన్, న్యూజిలాండ్ ఆ చోటు నింపాయి. అమెరికా కాని దేశాల నుంచి దిగుమతి 16 కోట్ల డాలర్ల నుంచి 29 కోట్లకు పెరిగింది. బాదం సంగతి వేరు. ప్రపంచపు బాదంలో సింహభాగం కాలిఫోర్నియాలోనే పండుతుంది. వేరే చోట అంత సరుకు దొరకదు కాబట్టి పప్పు మీద కిలోకు 20 రూపాయలు అదనంగా వేసినా సరుకు వస్తూనే ఉంది. ఆ భారం కొనేవాళ్లదే. వేరే చోట దొరికే సరుకు మీద వేసిన సుంకమే అవతలివాడికి తగులుతుంది. దొరకని సరుకు మీద వేస్తే మనకే తగులుతుంది. జాబితాకు ఇదే మొదటి పరీక్షగా పెట్టుకో.

ఆ పరీక్ష కస్టమ్స్‌లో ఒక్కో సరుకుకు ఇచ్చే ఎనిమిది అంకెల కోడ్ స్థాయిలో చేయాలి, వస్తువు పేరుతో కాదు. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, చివరి రెండు మనవి. ఆరు అంకెల దగ్గర ఆగిపోతే 'ఇతరములు' అనే గంపలో మన ఫ్యాక్టరీల ముడిసరుకు కూడా చిక్కుకుంటుంది. ప్రతి కోడ్ ఎదురుగా మూడేళ్ల దిగుమతి విలువ, ఆ దేశం వాటా, ప్రత్యామ్నాయ దేశాలు, మన దగ్గర వాడేవారు, ఈ నాలుగు గడులు నింపు. వాడేవారి గడి ఖాళీగా ఉంటే ఆ కోడ్ జాబితాలోకి రాకూడదు.

ఇక అవతలివాళ్లు వేసిన సుంకం చూడు. ఏ చట్టం కింద వేశారో చదవకుండా మందు రాయకూడదు. యాంటీ డంపింగ్ అయితే, అంటే మరీ తక్కువ ధరకు అమ్ముతున్నామని వేసిన సుంకమైతే, వాళ్లు పంపే ప్రశ్నావళికి గడువులోగా లెక్కలు పంపడం, ఏటా జరిగే సమీక్షలో వాదించడం దారి. దేశ భద్రత పేరుతో అమెరికా వాణిజ్య చట్టంలోని 232 సెక్షన్ కింద వేసింది అయితే బేరం ఆడాలి.

తర్వాత శాతం ఎంత అని కాదు, పోటీవాడి కంటే మనకు ఎంత ఎక్కువ అని లెక్కగట్టు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకు చాలావరకు 50 శాతం కిందకి వెళ్లింది. అప్పటికి ఈక్వెడార్‌కు 15, ఇండోనేషియాకు 19, వియత్నాంకు 20. రొయ్యలు కొనే అమెరికా వ్యాపారి చూసేది ఈ తేడానే. అందరికీ 50 వేస్తే కొంత అమ్మకం తగ్గేది. మనకొక్కరికే వేస్తే బేరం ఈక్వెడార్‌కు పోతుంది. చెరువు పట్టుబడికి వచ్చాక రొయ్య ఆగదు, మేత ఖర్చు రోజూ పెరుగుతూనే ఉంటుంది. భీమవరం వైపు రైతుకు నీ ఫైలు కదిలే వేగం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఆలోచించు.

మన బలం ఎంతో కూడా దాచుకోకుండా లెక్క వేయాలి. 2024-25లో మనం అమెరికాకు పంపింది దాదాపు 8,650 కోట్ల డాలర్ల సరుకు, తెచ్చుకున్నది 4,500 కోట్ల పైచిలుకు. తెచ్చుకునేది తక్కువైనప్పుడు కొట్టడానికి చోటూ తక్కువే. చైనా ఎదురు నిలిచిందంటే సోయాకు బ్రెజిల్ ఉంది, చేతిలో అరుదైన ఖనిజాలు ఉన్నాయి. ఆ లెక్క మనది కాదు.

అయినా హక్కు వదులుకోవద్దు. 2025 మేలో మనం ప్రపంచ వాణిజ్య సంస్థకు నోటీసు ఇచ్చాం. ఉక్కు, అల్యూమినియం సుంకాల వల్ల 760 కోట్ల డాలర్ల సరుకు దెబ్బతింటోందని, 191 కోట్ల డాలర్ల సుంకం పడుతోందని, అంతే విలువకు మనం ఇచ్చిన సుంకపు రాయితీలు వెనక్కి తీసుకుంటామని చెప్పాం. మనం వేసేది వాళ్లకు వసూలయ్యే సుంకానికి సమానంగా ఉండాలి, రూపాయి ఎక్కువైనా వాదన బలహీనపడుతుంది. ఒక చిక్కు మాత్రం తెలిసుండాలి. మన నోటీసు ఆ సుంకాలను రక్షణ సుంకాలుగా, అంటే దిగుమతుల వెల్లువ నుంచి సొంత పరిశ్రమను కాపాడుకోవడానికి వేసేవిగా చూస్తుంది; అవి అలాంటివి కావు, దేశ భద్రత చర్యలని అమెరికా అంటుంది. ఇలాగే ఎదురు సుంకాలు వేసిన చైనా, తుర్కియేలకు 2023లో ఆ సంస్థ వివాదాలు విచారించే ప్యానెళ్లలో ఓటమి ఎదురైంది. అంతకుముందు 2022 డిసెంబరులో అమెరికా సుంకాలే నిబంధనలకు విరుద్ధమని వేరే ప్యానెళ్లు చెప్పినా, 2019 డిసెంబరు నుంచి ఆ సంస్థ అప్పీలు సంఘం పనిచేయడం లేదు కనుక ఆ తీర్పు అక్కడే ఆగింది. నోటీసు బేరానికి పనికొచ్చే కాగితం. రేపే అమలయ్యే ఆజ్ఞ కాదు.

మన ఎగుమతిదారుకు సాయం చేయడంలోనూ జాగ్రత్త. అతను నిజంగా కట్టిన పన్నులు వాపసు ఇవ్వడం సబ్సిడీ కిందకి రాదు. అంతకు మించి, ఎగుమతి చేస్తేనే అని షరతు పెట్టి ఇచ్చేదంతా అవతల సబ్సిడీ లెక్కలోకి వెళ్తుంది. మన రొయ్యల మీద 2024 చివర్లో అమెరికా వేసిన దాదాపు 5.77 శాతం సుంకం అలాంటి సాయానికి ఎదురుగా వేసిందే. చేసిన సాయం తిరిగి సుంకమై వస్తుంది. పెట్టుబడికి అప్పు దొరికేలా చూడడం, శీతల గిడ్డంగులు, దేశంలో రొయ్య తినేవాళ్లను పెంచడం వంటివాటి మీద ఎక్కువ మనసు పెట్టు.

ఒకరికి చేసిన మేలు ఇంకొకరికి చేటు కావడం కూడా ఇక్కడ మామూలే. దుస్తుల మిల్లులకు ఊరటగా 2025 ఆగస్టు 19 నుంచి పత్తి మీది 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. సెప్టెంబరు 30 దాకా అన్న గడువును డిసెంబరు 31కి పొడిగించారు. తిరుపూరుకు అది ఊపిరి. కానీ ఆదిలాబాద్, గుంటూరు రైతు పత్తి మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా అక్టోబరు తర్వాతే. ఇలాంటి మినహాయింపు రాసేటప్పుడు పంట రాక మొదలయ్యే నెలకు ముందే ముగిసేలా తేదీ పెట్టు. పొడిగించక తప్పదంటే మద్దతు ధర కొనుగోలు కేంద్రాలు ముందే తెరిపించాలని అదే ఫైలులో రాయించు. ఆ ఏడాది పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాగితం మీద ధర ఉండి కేంద్రం తెరవకపోతే రైతు దళారికే అమ్ముకుంటాడు.

మరో మాట. అమెరికాలో తలుపు మూసుకున్న సరుకు మన వైపు తిరుగుతుంది. 2025 ఏప్రిల్ 21న ఉక్కు పలకల మీద 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేయడం అందుకే మంచి పని. నెలనెలా దిగుమతి లెక్కలు చూసే మనిషి ఒకరు నీ పక్కన ఉండాలి.

నోటిఫికేషన్ చిత్తు రాసేటప్పుడు, 2018లో చేసిన పద్ధతి చూడు: కస్టమ్స్ టారిఫ్ చట్టం 8ఏ కింద రేటు పెంచి, ఇంకో నోటిఫికేషన్‌తో మిగతా దేశాలకు పాత రేటే ఉంచారు. అప్పుడు సరుకు ఏ దేశపుదన్న పత్రమే ప్రాణం. మూడో దేశం మీదుగా పేరు మార్చి వచ్చేవి అక్కడే పట్టుబడతాయి. వెనక్కి తీసుకునే దారి కూడా తొలి రోజే ఆలోచించి పెట్టుకో. 2023 జూన్‌లో ఆరు వివాదాలు ముగించుకున్నప్పుడు మనం ఇవ్వగలిగింది కొన్ని సరుకుల మీది ఈ అదనపు సుంకాల రద్దే. మొదటే ఆపిల్ మామూలు సుంకం జోలికి వెళ్లలేదు కాబట్టి మన కొండప్రాంతపు రైతుకు ఆ 50 శాతం అలాగే మిగిలింది.

చివరిగా సముద్రంలో ఉన్న ఓడలు. అమెరికా ఆగస్టు 27కి ముందే ఓడెక్కి సెప్టెంబరు 17లోగా విడుదలైన సరుకును పెంచిన రేటు నుంచి వదిలింది. మన నోటిఫికేషన్‌లోనూ అలాంటి వాక్యం ఉండాలో వద్దో ముందే తేల్చుకుని, తేదీతో పాటు గంట కూడా రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న