ఆఖరి రెండొందల మీటర్ల లెక్క: మేనల్లుడికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నాట్ల పని చూసుకుని ఇంటికొచ్చి, రాత్రి తొమ్మిదింటికి టూర్ దె ఫ్రాన్స్ సైకిల్ రేసులో ఆరోజు ముగింపు చూస్తున్నానని రాశావు. స్ప్రింట్ స్టేజిల మీద, అంటే గుంపంతా కలిసొచ్చి ఆఖర్న ఒట్టి వేగంతో తేల్చుకునే రోజుల మీద, పందెం కాయాలని ఉంది, ఎవరు గెలుస్తారో ఎలా పట్టాలి అని అడిగావు. పట్టే పద్ధతి ఉంది. డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను, కానీ ముందు పద్ధతి.

సంక్రాంతి బరిలో పుంజులు రెండే. 2025 టూర్‌లో బయల్దేరింది 184 మంది. కాకో డేగో చూసి కాసినట్టు ఇక్కడ పేరు చూసి కాస్తే కుదరదు. పేరు ఆఖర్న రావాలి. మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఈవేళ అసలు స్ప్రింట్ పడుతుందా? స్టేజి బొమ్మలో మొత్తం ఎత్తుపల్లాలు చూసి ఊరుకోకు, చివరి 30 కిలోమీటర్లు విడిగా చూడు. ముగింపుకి పది కిలోమీటర్ల లోపు నిటారుగా ఒక చిన్న గుట్ట ఉన్నా బరువైన స్ప్రింటర్లు వెనకబడతారు. 2025లో టులూజ్ స్టేజి అలాంటిదే. అక్కడ గుంపుని వదిలి ముందే పారిపోయినవాళ్లలో ఒకడైన యోనాస్ అబ్రహామ్‌సెన్ గెలిచాడు, గుంపు అందుకోలేకపోయింది.

పారిపోయినవాళ్లని గుంపు పట్టుకుంటుందా లేదా అన్నదానికి పాత లెక్క ఒకటుంది: పది కిలోమీటర్లకి ఒక నిమిషం. ముగింపుకి 30 కిలోమీటర్లుండగా మూడు నిమిషాల తేడా ఉంటే చావోరేవో. రెండు నిమిషాలుంటే దొరికినట్టే. కానీ పట్టుకోవాలన్న పట్టుదల ఎన్ని జట్లకుందో కూడా లెక్కపెట్టు. స్ప్రింటర్లున్న జట్లు నాలుగైదు ఉంటే పని పంచుకుంటాయి. రెండే ఉంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిమిషాలు పోగొట్టుకుంటాయి.

తర్వాత గాలి. ఎదురుగాలి సంగతి యానాం–ఎదుర్లంక వంతెన మీద సైకిలు తొక్కినవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. రేసులో మాత్రం పక్కగాలి ఇంకా ప్రమాదం. పక్కనుంచి కొట్టినప్పుడు గాలి చాటు నేరుగా వెనక ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. అందుకని ముందున్నవాళ్లు ఎగిరే కొంగల బారులా రోడ్డుకి అడ్డంగా వాలుగా పరుచుకుంటారు. రోడ్డు వెడల్పు ఎంతమందికి సరిపోతే అంతమందికే చాటు. మిగిలినవాళ్లు రోడ్డు అంచున గాలికి దొరికిపోయి తెగిపోతారు. 2025 జూలై 5న లిల్‌లో, మొదటి స్టేజిలోనే, చివరి 20 కిలోమీటర్ల లోపు ఇలాగే గుంపు తెగింది. టిమ్ మెర్లియర్, జొనాథన్ మిలాన్ ఇద్దరూ వెనక ముక్కలో ఉండిపోయారు. ముందు ముక్కలో ఉన్న యాస్పర్ ఫిలిప్సెన్ గెలిచాడు. కాళ్లలో ఎవరి బలం ఎంతన్నది ఆరోజు తేలనేలేదు. కాబట్టి ముగింపు ఊరి గాలి ఎటునుంచి, గంటకి ఎంత వేగమో ఆ మధ్యాహ్నమే చూసుకో. గంటకి 25, 30 కిలోమీటర్లు దాటి, రోడ్డు పొలాల మధ్య చెట్టూ చేమా లేకుండా పోతుంటే ఆరోజు అంచనా తగ్గించు.

ఇక ఆఖరి మూడు కిలోమీటర్లు. దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. మ్యాప్ తెరిచి చేత్తో కాగితం మీద గీయి. రౌండ్‌అబౌట్లు ఎన్ని, ఆఖరి మలుపు ముగింపు గీతకి ఎంత దూరం, రోడ్డు ఎక్కడ సన్నబడుతోంది, ముగింపు ఎక్కుతోందా దిగుతోందా రాసుకో. ఆఖరి మలుపు గీతకి 300 మీటర్ల లోపుంటే, ఆ మలుపులో మూడో స్థానం దాటి వెనకున్నవాడి మీద ఆశ పెట్టుకోకు. అదే కిలోమీటరు పైన తిన్నటి రోడ్డు, ఎదురుగాలి అయితే లెక్క తిరగబడుతుంది. తొందరపడి బయటికొచ్చినవాడు గాలిలో చచ్చుబడతాడు, చాటున ఓపిక పట్టినవాడు చివర్లో దాటేస్తాడు. వెనకగాలి అయితే ముందు లేచినవాడికే లాభం.

స్ప్రింట్ సుమారు 200 మీటర్ల దగ్గర విడుస్తారు. గంటకి 65 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 18 మీటర్లు. అంటే మొత్తం ఆట 11 సెకన్లు. ఈ 11 సెకన్ల ముందు ఎవరు ఎవరి చక్రం వెనక ఉన్నారన్నదే సగం ఫలితం.

ముగింపు కొంచెం ఎక్కుడుగా ఉంటే ఒట్టి వేగం చాలదు, ఓర్పు కావాలి. 2024లో కొలొంబే లె దోజ్ ఎగ్లీజ్ ఊళ్లో అలాంటి ఎక్కుడు మీదే ఎరిత్రియా దేశస్థుడు బినియమ్ గిర్మాయ్ ఫిలిప్సెన్‌ని దాటాడు. దిగుడు ముగింపు అయితే ఆ స్టేజి వదిలెయ్. 2020 ఆగస్టు 5న పోలండ్‌లోని కటోవీట్సెలో దిగుడు ముగింపులో గంటకి 80 కిలోమీటర్ల వేగం దగ్గర ఫాబియో యాకబ్‌సెన్ కంచెల మీద పడి చావు తప్పించుకున్నాడు. గీత ముందు దాటిన డైలన్ గ్రూనెవేగెన్‌ని తీసేసి, దెబ్బలతో పడి ఉన్న యాకబ్‌సెన్‌నే విజేతగా ప్రకటించారు. గ్రూనెవేగెన్‌కి తొమ్మిది నెలల నిషేధం పడింది. అలాంటి ముగింపు మీద మనసు పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

అప్పుడు లీడ్‌అవుట్, అంటే జట్టువాళ్లు ముందుండి గాలి కాచి స్ప్రింటరుని గీత దగ్గరికి లాక్కెళ్లడం. స్ప్రింటరు కన్నా ముందు అతన్ని లాగేవాళ్ల పేర్లు రాసుకో. ఒకడు మూడు కిలోమీటర్ల నుంచి కిలోమీటరు దాకా, ఇంకొకడు 500 మీటర్ల దాకా, ఆఖరివాడు 200 దాకా. ఆ ఆఖరివాడే ముఖ్యం. 2023లో ఫిలిప్సెన్ టూర్‌లో నాలుగు స్టేజిలు గెలిచాడు. వాటి వెనక మాథ్యూ వాన్ డెర్ పూల్ లాగుడుంది. 2009లో పారిస్‌లోని షాంజెలిజే ముగింపులో స్ప్రింటర్ మార్క్ కావెండిష్ మొదట, అతన్ని లాగిన మార్క్ రెన్‌షా రెండో స్థానంలో వచ్చాడు. వెనకవాళ్లని ఎంత దూరంలో వదిలారో చూసుకో! ముందురోజు ఆ ఆఖరివాడు పడ్డాడా, కొండల్లో అలిసిపోయాడా, జట్టు పసుపు జెర్సీ (రేసు మొత్తంలో ముందున్నవాడిది) కాపాడటానికి మనుషుల్ని ఖర్చుపెడుతోందా? ఇవి కనుక్కోకుండా పేరు రాయకు. దీనికి మినహాయింపు మెర్లియర్. 2025లో పెద్దగా సాయం లేకుండానే ఇతరుల చక్రాలు మార్చుకుంటూ డన్‌కర్క్‌లో, షాటోరూలో గెలిచాడు. అలాంటివాడు అరుదు.

ఇంత చూసినా చేతికందకుండా పోయేవి ఉంటాయి. ఆ డన్‌కర్క్ స్టేజిలోనే పాయింట్లలో ముందున్నవాడి ఆకుపచ్చ జెర్సీలో ఉన్న ఫిలిప్సెన్, దారి మధ్యలో పాయింట్ల కోసం పెట్టే స్ప్రింట్ దగ్గర పడి టూర్ నుంచే వెళ్లిపోయాడు. 2024లో దిజోఁలో రెండో స్థానంలో వచ్చి, తన వరస వదిలి పక్కకి ఒరిగినందుకు కిందికి దింపబడ్డాడు. 2017 టూర్‌లో ఒక స్టేజిని స్ప్రింటర్ మార్సెల్ కిట్టెల్ గెలిచిన తేడా 6 మిల్లీమీటర్లు.

అందుకే అంచనాని పేరుగా కాక అంకెగా రాయి. స్ప్రింట్ పడే అవకాశం నూటికి 70 అనుకో. పడితే నీవాడు గెలిచే అవకాశం 35 అనుకో. రెండూ గుణిస్తే 24.5. బుకీ అతనికి 2.5 రేటు (గెలిస్తే రూపాయికి రెండున్నర) ఇచ్చాడంటే నూటికి 40 గెలుపు ఉందని ధర కట్టాడన్నమాట. నీ లెక్కకి న్యాయమైన రేటు 4 పైన, కాబట్టి 2.5కి కాస్తే నష్టమే. ఇంకో లెక్క చెయ్: ఐదుగురికి 2.5, 4, 6, 9, 13 రేట్లు ఉన్నాయనుకో. అవి నూటికి 40, 25, 17, 11, 8. ఐదుగురితోనే 101 అయింది, మిగతా నూటయాభై పైచిలుకు మంది ఇంకా లెక్కలోకే రాలేదు. ఆ నూరు దాటిందంతా బుకీ వాటా. కోడిపందెంలో పై పందేలకి కనీసం ఎదుటి మనిషి కళ్ల ముందుంటాడు.

రేసు నడుస్తుండగా కాయడమైతే మరీ అన్యాయం. మనకి టీవీలో బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆట 11 సెకన్లే. నువ్వు వేలు నొక్కేసరికి రోడ్డు పక్కనున్నవాడికి ఫలితం తెలిసిపోయి ఉంటుంది.

చట్టం కూడా తెలుసుకో. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. వాటికి బ్యాంకుల ద్వారా డబ్బు పంపడం కూడా అందులో నిషేధమే. విదేశీ యాప్ నీ డబ్బు తిరిగివ్వకపోతే ఏ స్టేషనుకి పోతావు? ధాన్యం డబ్బు అటు పంపొద్దు అల్లుడూ, గట్టిగా చెబుతున్నాను.

దాని బదులు నోటుబుక్కు పెట్టు. ప్రతి స్టేజికీ నాలుగు గడులు: స్ప్రింట్ అవకాశం, ముగ్గురి పేర్లు వాళ్ల అంకెలతో, ఎందుకనుకున్నావో రెండు వాక్యాలు, జరిగింది. సాయంత్రం ఆరు లోపు రాసెయ్, తర్వాత దిద్దొద్దు. టూర్‌లో స్ప్రింట్లు కొన్నే ఉంటాయి కాబట్టి మే నెలలో ఇటలీ రేసు జిరో, ఆగస్టు–సెప్టెంబరులో స్పెయిన్ రేసు వ్యూల్టా కూడా కలుపు. నూటికి 25 అని రాసినవి ఇరవై పోగైతే వాటిలో ఐదు దాకా నిజమవ్వాలి. రెండే అయితే నీకు ఇష్టమైనవాళ్లకి ఎక్కువ అంకెలు వేస్తున్నావని అర్థం. అప్పుడు సరిచెయ్యాల్సింది పేర్లని కాదు, అంకెల్ని.

పది స్టేజిలు పూర్తయ్యాక పేజీలు ఫోటో తీసి పంపు. నేను ముందు చూసేది మూడో గడి. ఆఖరి మలుపు దూరం రాయని పేజీ ఉంటే వెనక్కి పంపేస్తాను.

అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య