పడుగు ఎవరు, పేక ఎవరు?

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ముసలి దంపతులు రాత్రిపూట అరుగు మీద మాటల్లేకుండా కూర్చునే చోట చాలాసేపు ఆగిపోయాను. ఆ వెంటనే వచ్చిన వాక్యం మాత్రం నన్ను కష్టపెట్టింది: 'వాళ్ల బతుకులు పడుగు పేకల్లా పెనవేసుకుపోయాయి.'

పడుగు పేకలు పెనవేసుకోవమ్మా. పెనవేసుకునేవి తీగలు, తాడు పురులు. మగ్గం మీద నిలువునా బిగించి ఉండే పోగులు పడుగు. అటూ ఇటూ దూసుకుపోతూ దారాన్ని మోసే నాడెతో పాటు అడ్డంగా పోయి వచ్చే దారం పేక. అది ఒక పోగు పైనుంచి, పక్క పోగు కిందనుంచి దూరుతూ పోతుందే తప్ప దేన్నీ చుట్టుకోదు.

పడుగు గురించి ఇంకాస్త చెప్పాలి. నేతకు ముందే దాన్ని వీధి పొడవునా చాచి గంజి పట్టిస్తారు. పేకను దగ్గరికి నొక్కే దువ్వెనలాంటి అచ్చు దెబ్బ దెబ్బకూ ఒరుసుకునేది ఆ పోగులే, గంజి లేకపోతే తెగిపోతాయి. పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో కలుపుతారు. అచ్చు అతకడం అంటారు దాన్ని. పేకకు ఇంత బాధ లేదు. దారం చుట్టిన కండె ఒకటి అయిపోతే ఇంకో కండె. అందుకని ఇద్దరు మనుషుల్ని పడుగు పేకలన్నావంటే, ఒకరు బిగువంతా భరించారని, ఇంకొకరు వస్తూ పోతూ ఉన్నారని చెప్పినట్టే. నీ కథలో ఆయన ఊళ్లు తిరిగేవాడు, ఆవిడ ఇల్లు కదల్లేదు. పోలిక నీ చేతిలోనే ఉంది, 'పెనవేసుకుపోయాయి' అని దాన్ని జారవిడిచావు.

'కలనేత' అని ఇంకో మంచి మాట ఉంది. పడుగు ఒక రంగు, పేక వేరే రంగు. వెలుగులో కదిపితే బట్ట ఒకసారి ఇలా, ఒకసారి అలా మెరుస్తుంది. దుకాణాల్లో ఇప్పుడు డబుల్ షేడ్ అంటున్నారు. నువ్వు కలనేత అనే రాయి, నాకు ఆ మాట పోకూడదని ఉంది.

నాలుగో పేజీలో 'చీర అల్లుతున్నాడు' అన్నావు. జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, లేనిపోని కథలూ అల్లుతాం. పేరులోనే సాలె, అంటే నేతగాడు, ఉన్న సాలీడు కూడా గూడు అల్లుతుంది. చీర మాత్రం నేస్తారు.

వీలు చేసుకుని తెలంగాణలోని చేనేత ఊరు పుట్టపాక వెళ్లు. అక్కడ తేలియా రుమాలు అనే బట్టకు పడుగుకూ పేకకూ ముందే రంగులద్ది, ఆ రెండు రంగులూ అనుకున్న చోటే కలిసేలా నేస్తారు. ఒక పూట మగ్గం పక్కన కూర్చుని చూడు. వచ్చాక ఆ ఒక్క వాక్యం తిరగరాసి పంపు. నాకైతే ఆవిడే పడుగు అనిపిస్తోంది. కాదంటావా, ఎందుకో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు