బ్యాండ్‌సాలో కోత మధ్యలో పొట్టలా వంగుతుంటే

బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం) మీద 6 అంగుళాల ఎత్తున్న చెక్కను నిలువుగా చీలుస్తుంటే పైనా కిందా గీత మీదే ఉంటోంది, మధ్యలో మాత్రం పలక ఉబ్బుతోంది అన్నారు కదండీ. ఫెన్స్ (చెక్కను ఆనించి నెట్టే అడ్డుపట్టీ) జోలికి వెళ్లకండి. దాని తేడా అయితే కోత మొత్తం ఒకే పక్కకు లాగుతుంది, ఇలా పొట్ట రాదు. మీరు వాడుతున్న, అంగుళానికి 10 పళ్ల బ్లేడే అసలు కారణం. అంత ఎత్తులో ఒకేసారి 60 పళ్లు చెక్కలో ఉంటాయి. పళ్ల సందులు పొట్టుతో నిండిపోతాయి, ఇక కోత పడదు, మీరు నెట్టేకొద్దీ బ్లేడ్ పక్కకు వంగుతుంది.

అంగుళానికి 3 పళ్లున్న అర అంగుళం వెడల్పు బ్లేడ్ వేయండి. ముందు ప్లగ్ పీకేయండి. గైడ్‌లన్నీ (బ్లేడ్‌ను కదలకుండా పట్టే భాగాలు) వెనక్కి జరిపి, టెన్షన్ (బిగువు) ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ ట్రాకింగ్ (చక్రాల మీద బ్లేడ్ నడిచే చోటు) సరిచేయండి. ఆ తర్వాతే గైడ్‌ల పని. పక్క గైడ్‌కు బ్లేడ్‌కు మధ్య కాగితం మందమే సందు, బ్లేడ్‌ను వెనక నుంచి ఆపే బేరింగ్‌కు అర మిల్లీమీటరు లోపు. పక్క గైడ్‌లు పళ్ల సందుల వెనకే ఆగాలి. పళ్లకు తగిలితే కొత్త బ్లేడ్ పదును అక్కడికక్కడే పోతుంది.

పై గైడ్‌ను చెక్కకు 6 మిల్లీమీటర్ల ఎత్తులోనే బిగించండి. ఎక్కువ ఎత్తులో ఉంటే బ్లేడ్ ఊగుతుంది, వేళ్లకూ ప్రమాదం. నెమ్మదిగా నెట్టండి, చివరి 3 అంగుళాలు పుష్ స్టిక్‌ (చేతికి బదులు నెట్టే కర్ర)తోనే. సగంలో చెక్కను వెనక్కి లాగాల్సి వస్తే మోటారు ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచాకే లాగండి. తిరుగుతుండగా లాగితే బ్లేడ్ చక్రాల మీంచి ఊడొస్తుంది.