కోర్టుకు చెప్పకుండా పాపను వేరే రాష్ట్రానికి తీసుకెళ్లకండి

పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి, పాప మీ దగ్గరే పెరుగుతోంది, ఉద్యోగం విజయవాడ నుంచి బెంగళూరుకు మారింది, తండ్రి ససేమిరా అంటున్నారు, కస్టడీ నాదే కదా చెప్పకుండా వెళ్లిపోవచ్చా అని అడిగారు. దయచేసి అలా వెళ్లకండి. నెలకు రెండు ఆదివారాలు తండ్రి పాపను చూడవచ్చని మీ డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వులో, ఉందన్నారు. మీరు ఊరు మారిన రోజే ఆ షరతుకు గండి పడుతుంది. ఉత్తర్వు ఉల్లంఘించారని ఆయన పిటిషన్ వేయవచ్చు, కస్టడీ తనకే ఇమ్మనీ అడగవచ్చు. ఇన్నాళ్లూ పాపను కంటికి రెప్పలా చూసుకున్న మీరు, పిల్లను ఎత్తుకుపోయిన మనిషిగా కోర్టు ముందు నిలబడవలసి వస్తుంది.

నాకు హైదరాబాద్ నుంచి బెంగళూరుకే బదిలీ వచ్చింది, అప్పటికి బాబు రెండో తరగతి. విడాకులిచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే షరతులు సవరించమని దరఖాస్తు వేశాను. కస్టడీ ఉత్తర్వు శిలాశాసనం కాదు, పరిస్థితులు మారితే సవరించవచ్చు. విక్రమ్ వీర్ వోహ్రా కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి, ఉద్యోగం కోసం ఆస్ట్రేలియా వెళ్తున్న తల్లి వెంట కొడుకును పంపడానికి ఒప్పుకుంది. మా లాయరు ఆ తీర్పు జతచేశారు.

కానీ తీర్పు కన్నా అక్కరకొచ్చింది, తండ్రి బాబును ఎప్పుడెప్పుడు, ఎలా కలుస్తారో నేను రాసిచ్చిన కాగితం. రోజూ రాత్రి వీడియో కాల్, వేసవి సెలవుల్లో సగం, ఆయన బెంగళూరు వచ్చిన శని, ఆదివారాలు బాబు ఆయనతోనే, కాచిగూడ రైలు టికెట్ల ఖర్చు నాది. కొత్త బడి అడ్మిషన్ లేఖ, నేను ఆఫీసులో ఉన్నప్పుడు బాబును చూసుకుంటానని మా అమ్మ ఇచ్చిన అఫిడవిట్ కూడా పెట్టాను. తండ్రీకొడుకులను విడదీస్తోందని అవతలి లాయరు గట్టిగానే వాదించారు. జడ్జి గారు ఆ కాగితం చేతిలో పట్టుకుని, "ఇందులో మీకేది చాలదో చెప్పండి" అని బాబు తండ్రినే నేరుగా అడిగారు. ఆయన సంక్రాంతి కావాలన్నారు. కర్ణాటక బడుల్లో సంక్రాంతికి మన దగ్గర ఇచ్చినన్ని సెలవులు ఉండవు. అందుకని దసరా సెలవులు మొత్తం ఆయనకే ఇస్తానన్నాను. అక్కడితో వాదన మెత్తబడింది. మీరు కూడా కొత్త బడి సెలవుల పట్టిక తెప్పించుకుని దాన్ని బట్టే రాసుకోండి. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నప్పుడు వీడియో కాల్ వంటి సంబంధం బిడ్డకు చాలా అవసరమని యశితా సాహు కేసులో 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

జడ్జి గారు పాపతో చాంబర్‌లో విడిగా మాట్లాడే అవకాశం ఉంది. ఏం చెప్పాలో నేర్పించి పంపకండి. అమ్మ కావాలా, నాన్న కావాలా అన్న ప్రశ్న ఇంట్లో మీరు గానీ, మీ వాళ్లు గానీ అసలు అడగనే కూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు, మా అమ్మతో కూడా గట్టిగానే చెప్పాను.

కోర్టులో సమయం పడుతుంది, కాబట్టి చేరే తేదీ కాస్త వెనక్కి జరపమని ఆఫీసులో ఇప్పుడే అడగండి. ఈలోగా ఆయన ఆదివారాలు ఒక్కటీ తప్పనివ్వకండి. షరతులు సవరించిన కొత్త ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాకే బడిలో టీసీ తీసుకోండి.