మాట పోయిన మనిషికి ఏ చెయ్యి పడిపోతుంది?

బిడ్డా,

నీ కథ చదివాను. పత్తి ఏరే రోజుల్లో తాత పక్షవాతంతో చేనుగట్టు మీద కూలబడటం, కోడలు చెంబు పారేసి ఉరకడం, పావురం నెత్తురు రుద్దితే కాలుచెయ్యి తిరిగొస్తుందని ఎవరో చెప్పడం... అంతవరకు నీ కలానికి ఢోకా లేదు. దేవరకొండ యాస కూడా ఎక్కడా జారలేదు. తాత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాకే కథ చెడింది. ‘మెదడులోని మాటల కేంద్రం దెబ్బతిని’ అని మొదలుపెట్టి ఎడమ చెయ్యి పడగొట్టావు, మాట తీసేశావు, చాలదన్నట్టు కన్నబిడ్డను గుర్తుపట్టకుండా చేశావు. ఒక్క దెబ్బకు మూడూ! మెదడు అట్లా చెడదు. ఎట్లా చెడుతుందో తెలుసుకుంటే నీ కథకు కావాల్సిన సరుకు అందులోనే దొరుకుతుంది.

ముందు చెయ్యి సంగతి. ఎడమ మెదడు కుడి ఒంటిని నడుపుతుంది, కుడి మెదడు ఎడమ ఒంటిని. మాట చాలా మందికి ఎడమ మెదడులోనే ఉంటుంది. కాబట్టి మాట పడిపోయిన మనిషికి మామూలుగా పడిపోయేది కుడి చెయ్యి. రెండూ కలిసే ఎందుకు పోతాయంటావా? ముఖాన్నీ చేతినీ కదిలించే చోటుకూ, మాట్లాడించే చోటుకూ నెత్తురు తెచ్చేది ఒకే ధమని. సాగర్ ఎడమ కాలువకు గండి పడితే మిర్యాలగూడ దిక్కున వరి వేసినవాడిదీ తోట వేసినవాడిదీ కలిసే ఎండుతుంది కదా, అట్లా. కాలును నడిపే చోటు మాత్రం నడినెత్తిన, మెదడు రెండు సగాలూ ఎదురుబొదురుగా ఆనుకునే లోపలి అంచులో ఉంటుంది. దానికి నెత్తురు ఎక్కువగా వేరే ధమని నుంచి వస్తుంది. అందుకే ఇట్లాంటి వాళ్లలో చాలామంది కొన్ని నెలలకు కాలు గుండ్రంగా తిప్పి ఈడ్చుకుంటూ నడుస్తారు, చెయ్యి మాత్రం ఛాతీకి ముడుచుకునే ఉంటుంది.

ఇప్పుడు నీ తాతను చూడు. కర్ర, దువ్వెన, బీడీ, అన్నం ముద్ద అన్నీ ఎడమ చేతికి మారాయి. ఎడమ చేత్తో తినాల్సి రావడం మన ఇండ్లల్లో చిన్న సంగతా? పెండ్లి బంతిలో కూర్చోనని మొండికేసి, అందరూ లేచాక వెనక అర్రలో గోడ దిక్కు తిరిగి తినే మనిషిని ఒక్క పేరాలో రాయి. నువ్వు ఎడమ చెయ్యి పడగొట్టి ఈ ఘట్టాన్ని పోగొట్టుకున్నావు.

ఇక మాట. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి లెబోర్న్ అనే రోగి వచ్చాడు. ఏది అడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు, అంతే. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. కోపం తలకెక్కినప్పుడు ఒక తిట్టు చక్కగా బయటికొచ్చేది. కొద్ది రోజులకే చనిపోయాడు. బ్రోకా అతని తల తెరిచి చూస్తే ఎడమ మెదడు ముందు భాగంలో గాయం కనపడింది. ఆ చోటుకు బ్రోకా పేరే నిలిచింది. అయితే ఆయన ఆ మెదడును కొయ్యకుండా భద్రపరిచాడు. దాదాపు నూట యాభై ఏండ్ల తర్వాత ఎంఆర్ఐ తీస్తే, గాయం పైనే ఆగలేదనీ, లోపలి భాగాలనూ, ముందునూ వెనకనూ కలిపే తంతువులనూ తిన్నదనీ తేలింది. ‘మాటల కేంద్రం’ అని నువ్వు రాసిన దగ్గర నా పెన్ను ఆగింది ఇందుకే. మాట ఒక గదిలో కూర్చున్న గుమస్తా పని కాదు, చాలా చోట్లు ఒకదానికొకటి అందిస్తేనే నోటి దాకా వస్తుంది.

ఆ తిట్టు సంగతి మరవకు. మా వాడకట్టులో మార్కెట్ యార్డు హమాలీ ఒకాయన ఉండేవాడు. పక్షవాతం వచ్చాక ‘గదే... గదే...’ తప్ప ఇంకో మాట లేదు. మంచినీళ్లకు కూడా చెంబు దిక్కు చూపెట్టాల్సిందే. ఒకనాడు మనవడు వాకిట్లో కుంచంతో వడ్లు కొలుస్తుంటే, మంచం మీది నుంచి ‘లాభం... రెండు... మూడు...’ అని తడబడకుండా అందుకున్నాడు. వరుసపెట్టి నోటికొచ్చిన లెక్క, పాట, తిట్టు, దేవుడి పేరు ఇట్లాంటివి చాలాసార్లు మిగులుతాయి. ఆలోచించి కొత్తగా కూర్చాల్సిన మాటే రాదు. ఇంటివాళ్లకు అది అర్థం కాదు. ‘లెక్క వస్తది గానీ నీళ్లడగ రాదా? నకరాలు చేస్తున్నడు’ అంటారు. నీ కథలో కోడలి నోట ఈ మాట పెట్టు, ఆమె ఎంత మంచిదైనా సరే.

ఇంకో రకం ఉంది, వేరే కథకు దాచుకో. 1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికె రాసింది. గాయం అదే ఎడమ వైపు, చెవి పైభాగానికి లోపలగా, కొంచెం వెనక్కి ఉంటే మనిషి గడగడా మాట్లాడతాడు, మాటకు అర్థం ఉండదు, మనం చెప్పేది ఎక్కదు. కాలూచెయ్యీ చాలాసార్లు బాగానే ఉంటాయి. ఇక ఊళ్లో ఏమంటారు? గాలి సోకిందంటారు, బాణామతి అంటారు. పాలమూరు పల్లెల్లో పుట్టి పెరిగినవాడిగా చెప్తున్నాను, దానికి డాక్టరు కన్నా ముందు మంత్రగాడే వస్తాడు.

జ్ఞాపకం మాట మరీ వేరు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గడం కోసం రెండు వైపులా హిప్పోకాంపస్‌ను, అంటే మెదడులో కొత్త జ్ఞాపకాలు కుదిరే చోటును, చాలావరకు తీసేశారు. మాట పోలేదు, తెలివి పోలేదు. కొత్తగా జరిగింది మాత్రం నిలవలేదు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయడం నేర్పితే రోజురోజుకూ చెయ్యి కుదిరింది, నేర్చుకున్న సంగతే ఆయనకు గుర్తు లేదు. చేతి పనితనం వేరే చోట్ల నిలుస్తుంది. పుట్టపాకలో మగ్గం గుంతలో కూర్చున్న ముసలవ్వ గురించి ఎప్పుడైనా రాస్తే ఇది పనికొస్తుంది. నీ తాతకు పోయింది మాట, కాబట్టి బిడ్డను గుర్తుపడతాడు. పేరే రాదు. ‘నన్ను మరిచినవా నాయినా’ అని ఆమె ఏడుస్తుంటే లేదని చెప్పడానికి కూడా ఆయన దగ్గర, ఆ హమాలీ లాగా, ‘గదే’ తప్ప ఏమీ లేదు. నువ్వు రాసిన మతిమరుపు కన్నా ఇది చేదు, పైగా నిజం.

నీ కథలోని మర్రిగూడ మేనమామను కూడా ‘మెదడు మాట కాళ్లు వినవు’ అని అదే గాటన కట్టావు. ఆయన సంగతి వేరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్నుపూసల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే రెండు కాళ్లూ కట్టెబారతాయి. మెదడు చెప్తూనే ఉంటుంది, ఆ కబురు మెడ దగ్గరో వీపు దగ్గరో ఆగిపోతుంది. నోటికీ తెలివికీ ఆ నొక్కుడు అంటదు. కాబట్టి మేనమామను మాట్లాడనీ, ఎకసెక్కాలు ఆడనీ. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటే చాలు.

పావురం నెత్తురు ఘట్టం ఉంచు, గడియారం ఒకటి పెట్టు. నెత్తురు గడ్డ అడ్డుపడి మెదడుకు పోయే పెద్ద ధమని మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చచ్చిపోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా జబ్బు మొదలైన 4.5 గంటల్లోపు పడాలి, అదీ స్కాన్ తీసి నెత్తురు చిట్లలేదని తేల్చుకున్నాక. ఈ అంకెలు కథలో రాయకు. పావురం పట్టడానికి పోయినవాడు ఎంతసేపటికి వచ్చాడో రాయి.

ఆఖర్న టీచరు చెప్పే ‘మనం మెదడులో పది శాతమే వాడుకుంటాం’ అన్న మాట కొట్టెయ్, అది ఉత్త పుకారు. ఒంటి బరువులో 2 శాతమున్న ముద్ద, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం తింటుంది. కంప్యూటర్ పోలిక కూడా తీసెయ్. తిరగరాశాక ఫోన్‌లో కాకుండా కాగితం మీద పంపు, పెద్దక్షరాలతో. చిన్నవి నా కండ్లకు ఆనడం లేదు.

ఉంటాను.